‘ఎన్ని మాటలు గుర్తున్నాయి?’: ఒక విద్యార్థి ప్రయోగంలో చరరాశులకు కొలత కట్టిన తీరు

ప్రతిపాదన ఒక్క వాక్యం: “పాటలు వింటూ చదివితే ఏకాగ్రత తగ్గి, చదివింది సరిగా గుర్తుండదు.” దాని కింద పద్ధతి మూడు లైన్లు. 24 మంది విద్యార్థులు, రెండు గ్రూపులు. ఒక గ్రూపుకు గట్టిగా పాటలు, ఇంకో గ్రూపుకు నిశ్శబ్దం. 20 మాటలు చూపించి ఎన్ని గుర్తున్నాయో లెక్కపెట్టడం. స్వతంత్ర చరరాశి (ప్రయోగంలో మనం మార్చేది) సంగీతమనీ, పరతంత్ర చరరాశి (దానివల్ల మారుతుందేమోనని కొలిచేది) జ్ఞాపకశక్తి అనీ కింద గీత గీసి మరీ రాశారు.

పరిశోధనా పద్ధతులు నేర్పే చోట ఇలాంటి ప్రతిపాదన రావడం మామూలే. ఈ కేసును అలాంటి వాటికి నమూనాగా తీసుకున్నాం. లోపల కనిపించే స్కోర్లు లెక్క తెలియడానికి వేసినవే తప్ప ఎవరి ఫలితాలూ కావు.

పైపైన చూస్తే లోటేమీ కనపడదు. ఈ కాగితాన్ని ఇద్దరి చేతికి విడివిడిగా ఇచ్చి ప్రయోగం చేయమనండి. ఒకరు తెలిసిన సినిమా పాట స్పీకర్లో పెడతారు, ఇంకొకరు వేణువు హెడ్‌ఫోన్లో వినిపిస్తారు. ఒకరు మాటలు చూపిన వెంటనే రాయిస్తారు, ఇంకొకరు పది నిమిషాలు ఆగుతారు. రెండు చోట్లా పేరు ఒకటే, ప్రయోగాలు మాత్రం వేరు. చరరాశికి పేరు పెట్టారు కానీ కొలత పెట్టలేదు.

కొలత పెట్టడమంటే ఆపరేషనల్ నిర్వచనం రాయడం. ఏ పని చేస్తే ఈ అంకె వస్తుందో ఆ పనినే నిర్వచనంగా చెప్పడం. ఈ ఆలోచనను 1927లో ముందుకు తెచ్చింది భౌతికశాస్త్రవేత్త పెర్సీ బ్రిడ్జ్‌మన్. 1935లో ఎస్. ఎస్. స్టీవెన్స్ దీన్ని మనోవిజ్ఞానంలో గట్టిగా వాదించాడు. పేరు పుట్టకముందే పని జరిగిన ఉదాహరణ కూడా ఉంది. 1885లో జర్మన్ మనోవిజ్ఞాన శాస్త్రవేత్త ఎబ్బింగ్‌హాస్ జ్ఞాపకాన్ని ‘ఆదా’గా కొలిచాడు. ఒక జాబితా మొదటిసారి కంఠస్థం చేయడానికి 20 సార్లు చదవాల్సి వచ్చి, కొన్నాళ్లకు మళ్లీ నేర్చుకోవడానికి 12 సార్లే సరిపోతే, ఆదా 40 శాతం. ఒక్క మాటైనా చెప్పలేని మనిషి దగ్గర కూడా ఈ పద్ధతిలో జ్ఞాపకం ఎంతో కొంత బయటపడుతుంది. అంటే ‘గుర్తుండటం’ ఎంతన్నది ఎలా అడిగామన్న దాన్ని బట్టి మారుతుంది. ప్రతిపాదనలో లేనిది సరిగ్గా ఆ ‘ఎలా’యే.

ముందు తీసేసిన మాట

సవరణ మొదలైంది ‘ఏకాగ్రత’తో. వాక్యంలో ఆ మాట ఉంది కానీ, దాన్ని కొలిచే పని పద్ధతిలో ఎక్కడా లేదు. మాటలు తక్కువ గుర్తుంటే ఏకాగ్రత తగ్గినట్టేనని విద్యార్థులు మనసులో అనుకున్నారు. అలా అనుకుంటే వాదన గుండ్రంగా తిరుగుతుంది: గుర్తులేదు కాబట్టి ఏకాగ్రత లేదు, ఏకాగ్రత లేదు కాబట్టి గుర్తులేదు.

రెండు దారులు ఉన్నాయి. ఏకాగ్రతకు విడిగా ఒక కొలత పెట్టడం మొదటిది. అక్షరాలు నిండిన కాగితంలో ఒకే అక్షరాన్ని వెతికి కొట్టేసే పరీక్ష దీనికి చౌకైనది. అందులోనూ చిక్కుంది. తొందరపడేవాడు ఎక్కువ కొడతాడు, ఎక్కువ తప్పిస్తాడు. వేగం, తప్పులు రెండూ కలిపి ఎలా లెక్కవేయాలో ముందే చెప్పకపోతే ఎవరికి నచ్చిన అంకె వాళ్లు తీస్తారు. రెండో దారి, ఆ మాటను పరికల్పనలోంచి (ప్రయోగం పరీక్షించబోయే వాక్యంలోంచి) తీసేయడం. 24 మందితో, ఒక్కొక్కరికి అరగంట సమయంతో చేసే ప్రయోగానికి రెండోదే సరైనది. విద్యార్థులకు ఇది నచ్చదు, ప్రాజెక్టు చిన్నదైపోయినట్టు అనిపిస్తుంది. నిజానికి అక్కడ తగ్గింది కొలవని మాట ఒక్కటే.

‘పాటలు’, ‘గట్టిగా’, ‘నిశ్శబ్దం’

సంగీతం అనే ఒక్క పేరు కింద కనీసం నాలుగు విషయాలు దాక్కున్నాయి: సాహిత్యం ఉందా లేదా, భాష తెలుసా, పాట ముందే తెలుసా, ఎంత శబ్దం. వీటిలో మొదటిది తేల్చకుండా ముందుకు వెళ్లకూడదు. పనికి సంబంధం లేని మాటలు చెవిన పడుతుంటే వరసగా చూపిన వాటిని గుర్తుపెట్టుకోవడం దెబ్బతింటుందనీ, ఆ భాష వినేవాడికి రాకపోయినా దెబ్బ తగులుతుందనీ కోల్, వెల్ష్ 1976లో చూపారు. గొంతుతో పాడిన సంగీతం, వాద్య సంగీతం కన్నా ఎక్కువ అడ్డుపడుతుందని సలామే, బ్యాడ్లీ 1989లో చూపారు. కాబట్టి ఒకరికి పాట, ఇంకొకరికి వేణువు పెట్టి రెండిటినీ ‘సంగీతం’ గడిలో వేస్తే, ఉన్న తేడా కూడా సగటులో కలిసిపోతుంది. ఈ కేసులో తీసుకున్న నిర్ణయం: పాల్గొనేవారికి వచ్చిన భాషలో, గొంతు ఆపకుండా సాగే ఒకే పాట, అందరికీ అదే ఆడియో ఫైల్. వాద్య భాగాలు ఎక్కువున్న పాటైతే, గొంతు ఉన్న భాగాన్నే కత్తిరించి వాడాలి. లేకపోతే కొందరికి జాబితా సరిగ్గా వాద్యం మోగేటప్పుడు పడుతుంది.

‘గట్టిగా’ అన్నది సవరించిన ముసాయిదాలో ‘వాల్యూమ్ 60 శాతం’గా మారింది. అదీ కొలత కాదు. ఫోన్ మారినా, హెడ్‌ఫోన్ మారినా 60 శాతం ఇంకో శబ్దమవుతుంది. స్పీకర్ వాడితే దారి సులువు. పాల్గొనేవారు కూర్చునే కుర్చీ దగ్గర, చెవి ఎత్తులో సౌండ్ లెవెల్ మీటర్ పెట్టి, పాట మొత్తానికి సగటు స్థాయి ఎ-వెయిటింగ్‌లో (మనిషి చెవికి వినపడే తీరుకు సరిచేసిన కొలతలో) 65 డెసిబెల్‌ వచ్చేలా సరిచేసి, స్పీకర్‌కూ కుర్చీకీ నేల మీద టేపు గుర్తులు అంటించాలి. ఆరుబయట దూరం రెట్టింపయితే స్థాయి సుమారు 6 డెసిబెల్ పడిపోతుంది, గదిలో గోడల వల్ల అంతకన్నా తక్కువ పడుతుంది. అయినా కుర్చీ జరిగితే కొలత జరిగినట్టే. ఫోన్ యాప్ మీటర్ ప్రామాణిక పరికరంతో సరిచూసింది కాదు కాబట్టి దాని అంకెను నిజమైన డెసిబెల్ అని రిపోర్టులో రాయకూడదు. మొదటి వ్యక్తికీ చివరి వ్యక్తికీ స్థాయి ఒకటేనా అని సరిచూసుకోవడానికి మాత్రం పనికొస్తుంది. మీటర్ దొరకనప్పుడు ఫోన్ మోడల్, హెడ్‌ఫోన్ మోడల్, వాల్యూమ్ మెట్టు రాసి, ఈక్వలైజర్, నాయిస్ క్యాన్సిలేషన్ ఆపేసి అదే పరికరంతో అందరికీ చేయడం నిజాయితీ గల మార్గం.

నిశ్శబ్దానికి కూడా నిర్వచనం కావాలని చాలామందికి తట్టదు. ఫ్యాను తిరిగే గది 40 డెసిబెల్ దాటొచ్చు, తలుపు అవతల మాటలు వినపడొచ్చు. ఆ మాటలు కూడా పైన చెప్పిన ‘సంబంధం లేని మాటలే’. అంటే పోల్చడానికి పెట్టుకున్న గడిలోకే దొంగచాటుగా స్వతంత్ర చరరాశి చొరబడినట్టు. పాట లేనప్పుడు కుర్చీ దగ్గర రీడింగ్ ఎంతో ప్రతి సెషన్‌కూ ఒకసారి నోట్ చేయాలి. హెడ్‌ఫోన్ వాడితే నిశ్శబ్దం సెషన్‌లో కూడా అది తలమీదే ఉండాలి. లేదంటే పరీక్షిస్తున్నది పాటనా, చెవులు బిగించిన వస్తువునా తేలదు.

ఇంకో ముడి: పాట ఎప్పుడు ఆగాలి? చూసేటప్పుడు మోగి, రాసేటప్పుడు ఆగితే, పాట సెషన్‌లో పరిసరం మారినట్టవుతుంది, నిశ్శబ్దం సెషన్‌లో మారదు. నేర్చుకున్న పరిసరమే మళ్లీ ఉంటే గుర్తుకు రావడం మెరుగవుతుందని గాడెన్, బ్యాడ్లీ 1975లో డైవర్లతో నీటి లోపలా ఒడ్డునా చేసిన ప్రయోగంలో చూపారు. రెండిటినీ విడదీయాలంటే నాలుగు పరిస్థితులు కావాలి, ఈ ప్రాజెక్టుకు అంత మంది లేరు. చివరికి చూసేటప్పుడు మాత్రమే పాట పెట్టాలని తేల్చారు. ఎందుకంటే అసలు అడిగిన ప్రశ్న ‘పాటలు వింటూ చదివితే’ అన్నది. పాటలు పెట్టుకుని చదివేవాళ్లు పరీక్ష రాసేది పాట లేని గదిలోనే. పరిసరం మారడం ఆ ప్రశ్నలోనే ఉంది. ఫలితం వచ్చాక మాత్రం దాన్ని పాట అడ్డు ఒక్కదానికే కట్టబెట్టకూడదని రిపోర్టులో ఒక వాక్యం తప్పనిసరి.

20 మాటల జాబితా

మొదటి ముసాయిదాలో మాటలను చేతితో కార్డులు తిప్పి చూపాలని ఉంది. చేత్తో తిప్పితే ఒక కార్డు ఒకటిన్నర సెకను, ఇంకోటి మూడు సెకన్లు ఉంటుంది. పాట మోగుతుంటే చెయ్యి దాని లయలో పడుతుంది కూడా. ఆటోమేటిక్ స్లైడ్లు పెట్టి, మాట ఒకటిన్నర సెకను, ఖాళీ తెర అర సెకను, యానిమేషన్లన్నీ ఆపేస్తే 20 మాటలకు సరిగ్గా 40 సెకన్లు. పాట అంతకు 30 సెకన్ల ముందే మొదలవ్వాలి, హఠాత్తుగా మోగిన అదురు మొదటి మాటల మీద పడకుండా.

మాటలు రెండు లేదా మూడు అక్షరాల నామవాచకాలు, కంటికి కనిపించే వస్తువులు, ఒకదానికొకటి సంబంధం లేనివి. ప్రతి ఒక్కరూ రెండు పరిస్థితుల్లోనూ పాల్గొనేలా ప్లాను మార్చారు కాబట్టి రెండు జాబితాలు కావాలి: ఒక్కోదానిలో పది రెండక్షరాలవి, పది మూడక్షరాలవి. పరిస్థితుల వరస, జాబితాల జత కలిపితే నాలుగు అమరికలు వస్తాయి, ఒక్కోదానికి ఆరుగురు. మనుషుల మధ్య జ్ఞాపకశక్తిలో తేడా చాలా ఎక్కువ. 12 మందిని అటూ 12 మందిని ఇటూ వేస్తే ఆ తేడా పాట ప్రభావాన్ని మింగేస్తుంది. ఒకే మనిషిని రెండుసార్లు కొలిస్తే ఆ బెడద తగ్గుతుంది. రెండు సెషన్ల మధ్య కనీసం పది నిమిషాల విరామం ఉండాలి. అయినా మొదటి జాబితా మాటలు రెండోదానిలోకి తొంగిచూస్తాయి, వాటిని విడిగా లెక్కపెట్టాలి.

జాబితా పొడవు కూడా నిర్వచనంలో భాగమే. పది మాటలే ఇస్తే కొందరు పైకప్పుకు తగులుతారు, అంటే దాదాపు అన్నీ రాసేస్తారు, తేడా కనిపించే చోటు తగ్గిపోతుంది. పైలట్‌లో, అంటే ముందుగా కొద్దిమందితో చేసే ట్రయల్‌లో, సగటు స్కోరు మొత్తంలో మూడో వంతుకూ మూడింట రెండు వంతులకూ మధ్య పడేలా చూసుకుంటే ఇటూ అటూ చోటు మిగులుతుంది.

చూసిన వెంటనే రాయిస్తే చివరి మూడు నాలుగు మాటలు ఇంకా నాలుక మీదే ఉంటాయి. జాబితా తర్వాత 30 సెకన్లు లెక్కపెట్టే పని ఇస్తే ఆ చివరి మాటల ఆధిక్యం పోతుందని గ్లాంజర్, క్యూనిట్జ్ 1966లో చూపారు. ఇక్కడా అదే చేశారు: మూడంకెల సంఖ్య ఇచ్చి మూడేసి తగ్గిస్తూ 30 సెకన్లు పైకి లెక్కపెట్టించడం, తర్వాత 90 సెకన్లు ఏ వరసలోనైనా రాయించడం. లెక్క పైకే చెప్పాలి. మనసులో చెప్పమంటే మాటలే వల్లెవేసుకుంటారు.

ఒక్క జవాబు పత్రం

నిర్వచనం నిలబడుతుందో కూలుతుందో తేలేది ఇక్కడ. పైలట్ జాబితాలో గొడుగు, కిటికీ, మేఘం, తాళం, పడవ, దువ్వెన, అద్దం, నిచ్చెన ఉన్నాయనుకోండి. పత్రం మీద ఇలా ఉంది:

గొడుగు, కిటికి, మబ్బు, తాళం చెవి, పడవ, దువ్వెన, పడవ, అద్దాలు, తలుపు, నిచ్చన.

‘సరిగ్గా గుర్తున్న మాటల సంఖ్య’ అన్నదే నిర్వచనమైతే, రాసిన ప్రతి జవాబునూ ఒక గీతగా లెక్కపెట్టేవాడు 10 వేస్తాడు. పోనీలే అనుకునేవాడు 8 వేస్తాడు. అక్షరం తేడా ఒప్పుకోనివాడు గొడుగు, పడవ, దువ్వెన మాత్రమే తీసుకుని 3 వేస్తాడు. ఒకే కాగితానికి 3 నుంచి 10 దాకా! పాట ప్రభావం రెండు మూడు మాటలే అయితే, స్కోరు వేసిన చెయ్యే దాన్ని పుట్టించగలదు, మాయం చేయగలదు.

రాసుకున్న రూల్ ఇది. దీర్ఘం పోయినా, ఒత్తు తప్పినా, గుణింతం మారినా, అది తెలుగులో వేరే మాట కాకపోతే ఒప్పుకోవాలి: కిటికి, నిచ్చన చెల్లుతాయి. బహువచనం చెల్లుతుంది. పర్యాయపదం చెల్లదు. రెండోసారి రాసినది లెక్కలోకి రాదు. జాబితాలో లేనివి ‘చొరబాట్లు’గా వేరే గడిలో పడతాయి, స్కోరులోంచి తీసేయరు. ఈ రూల్‌తో పత్రానికి 6: గొడుగు, కిటికి, పడవ, దువ్వెన, అద్దాలు, నిచ్చన. చొరబాట్లు 3: మబ్బు, తాళం చెవి, తలుపు. పునరుక్తి 1. మొత్తం పది గీతలకూ లెక్క తేలింది. అన్ని గీతలూ ఏదో ఒక గడిలో పడ్డాయా అని ఇలా కూడి చూడటం తప్పులు పట్టడానికి మంచి అలవాటు.

పర్యాయపదం ఎందుకు చెల్లదు? మేఘానికి మబ్బు రాసినవాడికి అర్థం గుర్తుంది, మాట గుర్తులేదు. ప్రయోగం అర్థం గురించైతే దాన్ని ఒప్పుకోవాల్సిందే. ఇక్కడ ‘చూపిన మాట’ను కొలుస్తామన్నారు కాబట్టి చెల్లదు. రెండిటిలో ఏదీ తప్పు కాదు. పత్రాలు చూశాక నిర్ణయించడమే తప్పు.

ఈ కాగితం జాబితా లోపాలనూ బయటపెట్టింది. ‘అద్దాలు’ అంటే అద్దానికి బహువచనమా, కళ్లజోడా? రూల్ ప్రకారం చెల్లుతుంది, కానీ రాసినవాడి మనసు చదవాల్సిన మాట జాబితాలో ఉండటమే దండగ. తాళం సంగతి ఇంకా ఘోరం. వాడుకలో దాన్ని తాళం చెవికీ అంటారు. పైగా అది పాటలో వేసే తాళం కూడా, పాట మోగుతుంటే ఆ మాట గుర్తుకు రావడానికి సాయం దొరుకుతుంది. స్వతంత్ర చరరాశి పరతంత్ర చరరాశికి చేయి అందిస్తోందన్నమాట. రెండిటినీ తీసేసి, అవే రెండక్షరాల వేరే మాటలు వేశారు. ఇంగ్లీషు జాబితాను తెలుగులోకి దించుకుంటే ఇలాంటి నానార్థాలు కంటికి ఆనవు. జాబితాను పుట్టించాల్సింది తెలుగులోనే.

ఇద్దరు దిద్దితే

రూల్ సరిపోయిందో లేదో చూడటానికి ఇద్దరు విడివిడిగా దిద్దాలి. ఏ పత్రం పాట సెషన్‌దో వాళ్లకు తెలియకూడదు. పత్రం మీద పేరు ఉండకూడదు, కోడ్ నంబరే ఉండాలి. ఏ కోడ్ ఏ సెషన్‌దో చెప్పే పట్టిక మూడో మనిషి దగ్గర ఉండాలి.

ఏకీభావం శాతంతో తృప్తిపడటం మామూలు పొరపాటు. 100 గీతల్లో ఇద్దరూ ‘సరి’ అన్నవి 70, ఇద్దరూ ‘కాదు’ అన్నవి 16, మొదటివారు మాత్రమే సరి అన్నవి 10, రెండోవారు మాత్రమే సరి అన్నవి 4 అనుకుందాం. ఏకీభావం 86 శాతం, బాగుందనిపిస్తుంది. కానీ మొదటివారు 80కీ, రెండోవారు 74కీ సరి కొట్టేశారు. కళ్లు మూసుకుని అదే నిష్పత్తిలో టిక్కులు పెట్టినా 0.80 × 0.74 + 0.20 × 0.26, అంటే 64.4 శాతం కలుస్తాయి. 1960లో జేకబ్ కోహెన్ ఇచ్చిన కప్పా ఈ యాదృచ్ఛిక వాటాను తీసేస్తుంది: (0.86 − 0.644) ÷ (1 − 0.644) = 0.61. స్కోరింగ్ లాంటి ఇంత తేలికైన పనికి ఇది చాలదు. విభేదించిన 14 గీతలనూ పక్కన పెట్టుకుని చూస్తే, చాలావరకు ఒకటి రెండు రకాల సందర్భాలే మళ్లీ మళ్లీ వస్తాయి. రూల్‌లో చేర్చాల్సింది వాటినే.

మిగతా చరరాశులు

‘పాటలతో చదివే అలవాటు’ను తరచుగా, అప్పుడప్పుడు, అరుదుగా అని అడిగారు. ఒకరి ‘తరచుగా’ ఇంకొకరి ‘అప్పుడప్పుడు’. దాన్ని “గత 7 రోజుల్లో, పాటలు పెట్టుకుని కనీసం 30 నిమిషాలు చదివిన రోజులు ఎన్ని?” అని మార్చారు. జవాబు 0 నుంచి 7. అలాగే ‘పాట ఎంత ఇబ్బంది పెట్టింది’ అన్న 1–5 రేటింగును ఉంచారు కానీ, స్టీవెన్స్ 1946లో చేసిన వర్గీకరణ ప్రకారం అది క్రమ స్థాయి కొలత: 4 అంటే 2కు రెట్టింపు ఇబ్బంది కాదు. మాటల సంఖ్యలోనూ కొంచెం జాగ్రత్త కావాలి. 12 మాటలు 6 మాటలకు రెట్టింపే, 12 రాసినవాడి జ్ఞాపకశక్తి మాత్రం రెట్టింపు కాదు. అందుకే పరతంత్ర చరరాశి పేరులోంచి ‘జ్ఞాపకశక్తి’ పోయింది.

ఎవరి డేటా తీసేస్తారో కూడా ముందే రాయాలి: పాట ముందే తెలుసని చెప్పినవారు, 30 సెకన్ల లెక్క ఆపేసినవారు, తెర నడుస్తుండగానే రాయడం మొదలుపెట్టినవారు. ఫలితం చూశాక తీసేస్తే అది ఏరుకోవడమే. తీసేసిన ప్రతి ఒక్కరి స్థానంలో అదే అమరికలోకి ఇంకొకరిని తీసుకోవాలి, లేకపోతే ఆరారుగా పంచిన లెక్క చెదిరిపోతుంది.

సవరించిన పరికల్పన పొడుగ్గా, అందం లేకుండా ఉంది: “తెలియని పాటను 65 డెసిబెల్ స్థాయిలో వింటూ 20 మాటలు చూసినప్పుడు, 30 సెకన్ల వెనక్కి లెక్క తర్వాత 90 సెకన్లలో సరిగ్గా రాసిన మాటల సంఖ్య, పాట లేకుండా చూసినప్పటికన్నా తక్కువగా ఉంటుంది.” ఒక్కొక్కరి రెండు స్కోర్ల తేడా తీసి, ఆ తేడాల సగటు సున్నా కన్నా నిజంగా వేరుగా ఉందా అని చూసే జత టి-టెస్టు చేస్తారు.

ఇంత చేసినా రూల్‌లో లేని గీత ఒకటి మధ్యలో వస్తుంది. పదిహేనో పత్రంలో ఎవరో మాట బదులు చిన్న గొడుగు బొమ్మ గీస్తారు. అప్పుడు ఆ ఒక్క పత్రానికి తీర్పు చెప్పి ఊరుకోకూడదు. కొత్త రూల్‌ను తేదీ వేసి కింద చేర్చాలి, మొదటి పత్రం నుంచి అన్నిటినీ దానితో మళ్లీ దిద్దాలి, అదంతా కోడ్ పట్టిక తెరవకముందే అయిపోవాలి. చేర్చిన రూల్ ఏదో, ఎన్ని స్కోర్లు మారాయో రిపోర్టులో పద్ధతి భాగంలోనే రాయాలి.